తక్కువ బడ్జెట్‌లో మొదటి టెలిస్కోపు: సులువుగా మోయగలిగేది, కదలకుండా నిలిచేది ఎలా ఎంచుకోవాలి?

టెలిస్కోపు కొనాలనుకునే వాళ్లలో చాలామంది మొదట అడిగే ప్రశ్న "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. అమ్మేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. అందుకే అరవై, డెబ్భై మిల్లీమీటర్ల కటకం ఉన్న బుల్లి టెలిస్కోపు డబ్బా మీద కూడా 525 రెట్లు, 675 రెట్లు అని పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారు. ఆ అంకె ఎంత పెద్దగా కనబడితే ఆ డబ్బాకు అంత దూరం జరగడం మంచిది. 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహం చుట్టూ ఉన్న నాలుగు చంద్రులను గుర్తించింది సుమారు ఇరవై రెట్లు చూపే గొట్టంతోనే. శని వలయాలను గ్రహం నుంచి విడదీసి చూడటానికి ముప్ఫై నలభై రెట్లు చాలు.

మొదటి టెలిస్కోపు విషయంలో ముందుగా తేల్చుకోవలసినవి రెండు. దాన్ని ఎంత సులువుగా ఆకాశం కిందికి తీసుకెళ్లగలరు? పెట్టిన చోట అది ఎంత కదలకుండా నిలుస్తుంది? కటకాలు, అద్దాలు, ఐపీసుల (కన్ను పెట్టి చూసే చిన్న కటకాల) గొడవంతా ఆ తరువాతే. ఈ మార్గదర్శి కూడా ఆ వరుసలోనే నడుస్తుంది.

మొదటి మెట్టు: మీ మేడ, మీ మెట్లు, మీ బండి

దుకాణం వైపు చూసే ముందు మీ ఇల్లు చూసుకోండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే టెర్రస్ తాళం రాత్రి పది తరువాత దొరుకుతుందా? లిఫ్టు పైదాకా వెళుతుందా, చివరి అంతస్తు మెట్లెక్కాలా? బాల్కనీ నుంచే చూస్తానంటే అది ఏ దిక్కుకు తిరిగి ఉంది? ఉత్తరపు బాల్కనీ అయితే చంద్రుడూ గ్రహాలూ దాదాపుగా కనిపించవు. తూర్పు, దక్షిణం, పడమర నయం. అదీ పై అంతస్తు బాల్కనీ నెత్తి మీద ఎంత అడ్డం వస్తుందనే దాన్ని బట్టి.

ఒక చేత్తో టెలిస్కోపు, ఇంకో చేత్తో మెట్ల రెయిలింగు పట్టుకుని ఎక్కగలిగే బరువు చాలామందికి ఆరేడు కిలోలు. అది దాటితే రెండు విడతలుగా మోయాలి. రెండు విడతలు మోయాల్సిన టెలిస్కోపు మొదటి నెల తరువాత బీరువా పక్కన నిలబడిపోతుంది. స్కూటరు మీదో, ఆర్టీసీ బస్సులోనో ఊరి బయటికి తీసుకెళ్లాలనుకుంటే వీపు సంచిలో పట్టే కొలత ముఖ్యం. కారు ఉంటే ఆ బెంగ లేదు.

నగరంలో వెలుతురు ఎక్కువ కదా, ఏమీ కనిపించదేమోనని వెనక్కి తగ్గకండి. హైదరాబాదు నడిబొడ్డు నుంచి కూడా చంద్రుడు, గురుడు, శని, శుక్రుడు, జంట నక్షత్రాలు చక్కగా కనిపిస్తాయి. వాటి మీద వీధి దీపాల ప్రభావం దాదాపు ఉండదు. నిహారికలు, గెలాక్సీల కోసమే చీకటి వెతుక్కుంటూ అనంతగిరి, నల్లమల, హార్స్‌లీ హిల్స్, అరకు వైపు వెళ్లాలి.

రెండో మెట్టు: మౌంట్

మౌంట్ అంటే గొట్టాన్ని పట్టుకుని తిప్పే ఆధారం, దాని కాళ్లు. బడ్జెట్ టెలిస్కోపుల్లో దగా ఎక్కువగా జరిగేది ఇక్కడే. గొట్టం ఫర్వాలేదనిపించేలా ఉంటుంది, దాని కింద కాళ్లు మాత్రం పుల్లల్లా ఉంటాయి.

కొనే ముందు చేతితో ముట్టుకుని చూసే వీలుంటే ఈ పరీక్ష చేయండి. దూరంగా ఉన్న సెల్‌ టవర్ కొసను ఎక్కువ రెట్లు చూపే ఐపీస్‌లో పెట్టుకుని, గొట్టాన్ని వేలితో ఒక్కసారి తట్టండి. టవర్ ఊగిపోతుంది. మనసులో సెకన్లు లెక్కపెట్టండి. రెండు సెకన్లలో ఆగితే మౌంట్ బాగున్నట్టే. మూడు దాకా సర్దుకోవచ్చు. ఐదు దాటినా ఊగుతుంటే అక్కడే వదిలేసి రండి. ఫోకస్ మర తిప్పడానికి చెయ్యి వేసిన ప్రతిసారీ ఇదే ఊపు వస్తుంది. బొమ్మ ఆగితే తప్ప ఫోకస్ కుదిరిందో లేదో తెలియదు. ఈలోపు ఆకాశం ఆగదు. భూభ్రమణం వల్ల నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున నక్షత్రాలన్నీ పడమటికి జరుగుతూనే ఉంటాయి. 65 రెట్ల దగ్గర మామూలు ఐపీస్‌లో కనిపించే మేర సుమారు ముప్పావు డిగ్రీ. అంటే గురుడు ఈ అంచు నుంచి ఆ అంచుకు మూడు నిమిషాల్లో దాటిపోతాడు. 130 రెట్లయితే నిమిషంన్నర. మౌంట్ ఊగుతూ ఉంటే ఆ నిమిషంన్నరా ఊపు ఆగడానికే సరిపోతుంది.

ఇక రకాలు. ఫోటో ట్రైపాడ్‌తో వచ్చేవి అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే బలహీనం. గురిపెట్టి పిడి బిగించి చెయ్యి తీయగానే గొట్టం కాస్త కిందికి వాలుతుంది, గ్రహం చూపులోంచి పోతుంది. ఇప్పటికే అలాంటిది ఇంట్లో ఉంటే కాళ్లు పూర్తిగా సాగదీయకుండా, నడిమి కడ్డీని పైకెత్తకుండా వాడండి. మధ్యలో కొక్కెం ఉంటే నీళ్ల సీసాలున్న సంచి వేలాడదీయండి, కుర్చీలో కూర్చుని చూడండి. సగం ఊపు తగ్గుతుంది.

పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిరిగే ఆల్ట్-అజిమత్ మౌంట్‌కు సన్నగా తిప్పే మరలు ఉంటే కొత్తవాళ్లకు అది మంచి ఎంపిక. గొట్టాన్ని రెండు వైపులా పట్టుకునే ఫోర్కు రకంలో ఒక చిక్కుంది. గొట్టం నడినెత్తికి తిరిగినప్పుడు కాళ్లకు తగులుతుంది. ఇది మన ప్రాంతంలో చిన్న లోపం కాదు. ఐరోపాలో రాసిన సలహాలు మనకు పూర్తిగా పనికిరాకపోవడానికి కారణం కూడా ఇదే. తెలుగు రాష్ట్రాలు ఉన్నది 13 నుంచి 20 డిగ్రీల అక్షాంశాల మధ్య. గ్రహాలు మనకు దాదాపు నడినెత్తి మీదుగా వెళతాయి. 2026 జనవరిలో మిథునంలో ఉన్న గురుడు హైదరాబాదులో 85 డిగ్రీల ఎత్తుకు ఎక్కాడు. గాలి పొర పలుచగా ఉండే ఆ ఎత్తులోనే గ్రహం తేటగా కనిపిస్తుంది. సరిగ్గా అక్కడికే గొట్టం తిరగకపోతే ఏం లాభం? కటకం టెలిస్కోపు కొంటుంటే ఐపీస్ వైపు వెలుతురును మళ్లించే 90 డిగ్రీల డయాగనల్ ఉందో లేదో చూడండి. 45 డిగ్రీలదైతే నడినెత్తిన ఉన్న గ్రహాన్ని చూడటానికి మెడ విరుచుకోవాలి.

మూడోది ఈక్వటోరియల్ మౌంట్. బరువు దిమ్మె వేలాడుతూ, డయల్స్‌తో చూడటానికి పెద్ద శాస్త్రవేత్తల పరికరంలా ఉంటుంది, అందుకే చాలామంది దీని వైపు మొగ్గుతారు. దీని ఒక ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు సరిచేయాలి. ధ్రువ నక్షత్రం ఎత్తు మీ ఊరి అక్షాంశమంతే ఉంటుంది. హైదరాబాదులో పదిహేడున్నర డిగ్రీల లోపు, విజయవాడలో పదహారున్నర, తిరుపతిలో పదమూడున్నర. పక్క వీధిలో నాలుగంతస్తుల భవనం ఉంటే చాలు, నక్షత్రం దాని వెనకే. పైగా ఇంత తక్కువ అక్షాంశానికి వంచితే చౌక మౌంట్ల దిమ్మె ట్రైపాడ్ కాలికి తగులుతుంది, బరువంతా ఒక పక్కకు వాలుతుంది. కంటితో చూసేవాళ్లకు మన దగ్గర ఈ మౌంట్ అవసరం లేదు. కెమెరాతో ఎక్కువసేపు ఫోటోలు తీసేవాళ్ల సంగతి వేరు. వాళ్ల బడ్జెట్ కూడా వేరు.

నాలుగోది డాబ్సోనియన్. 1915లో బీజింగ్‌లో పుట్టిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీలో ఇరవై ఏళ్లకు పైగా రామకృష్ణ సంప్రదాయ సన్యాసిగా గడిపారు. మఠంలో ఉంటూ చేతిలో డబ్బు లేకుండానే ఓడ కిటికీల పాత గాజును అరగదీసి అద్దాలు, అట్ట గొట్టాలు, ప్లైవుడ్ పెట్టెలతో టెలిస్కోపులు తయారుచేశారు. ఆయన పేరుతోనే ఈ మౌంట్ స్థిరపడింది. ఇందులో మరలు, దిమ్మెలు ఉండవు. చెక్క పీట మీద గుండ్రంగా తిరుగుతుంది, పైకీ కిందికీ వాలుతుంది, తోసిన చోట ఆగుతుంది. ఖర్చంతా అద్దానికే పోతుంది కాబట్టి పెట్టిన డబ్బుకు ఎక్కువ దక్కేది దీనిలోనే. ఐపీస్ గొట్టం పక్కన ఉంటుంది కనుక నడినెత్తిన ఉన్న గ్రహాన్ని కూడా మెడ తిప్పకుండా చూడవచ్చు.

దీని చిన్న రూపం టేబుల్‌టాప్ డాబ్సోనియన్. ఈ వ్యాసంలో నా ఓటు దానికే. ఒక్క షరతు: దాన్ని పెట్టడానికి గట్టి పీట కావాలి. ప్లాస్టిక్ స్టూలు ఊగుతుంది. మోకాలి ఎత్తు చెక్క స్టూలు, అందులోనూ మూడు కాళ్లదైతే ఎగుడుదిగుడు టెర్రస్ మీద కూడా కుదురుగా నిలుస్తుంది. పిట్టగోడ మీద మాత్రం ఎంత వెడల్పుగా ఉన్నా పెట్టకండి.

మూడో మెట్టు: గొట్టం మీది రెండు అంకెలు

ప్రతి టెలిస్కోపు మీదా రెండు అంకెలుంటాయి. 70/700, 130/650 లాగా. మొదటిది కటకం లేదా అద్దం వ్యాసం, రెండోది నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్), రెండూ మిల్లీమీటర్లలో.

వ్యాసమే అన్నిటికీ మూలం. వెలుతురు పట్టే శక్తి వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. చీకటికి అలవాటుపడిన కంటిపాప ఏడు మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది అనుకుంటే, 70 మి.మీ. కటకం దానికి నూరు రెట్ల వెలుతురు పడుతుంది. 130 మి.మీ. అద్దం దాదాపు మూడు వందల నలభై రెట్లు. ఎన్ని రెట్లు పెద్దగా చూడవచ్చన్న హద్దును కూడా వ్యాసమే పెడుతుంది. మిల్లీమీటరుకు రెండు రెట్లు, అంతకు మించితే మసక తప్ప కొత్తగా వివరమేమీ రాదు. 70 మి.మీ. టెలిస్కోపుకు 140 రెట్లే గరిష్ఠం. 525 ఎక్కడి నుంచి వచ్చిందో మీరే ఊహించుకోండి.

నాభ్యంతరాన్ని ఐపీస్ మీది మి.మీ. అంకెతో భాగిస్తే ఎన్ని రెట్లో తెలుస్తుంది. 650 మి.మీ. గొట్టంలో 25 మి.మీ. ఐపీస్ పెడితే 26 రెట్లు, 10 మి.మీ. పెడితే 65 రెట్లు.

కటకం టెలిస్కోపుకు పెద్దగా సంరక్షణ అక్కర్లేదు, గొట్టం మూసి ఉంటుంది, దుమ్ము చేరదు. కానీ 70/400 లాంటి పొట్టి గొట్టాల్లో చంద్రుడి అంచుకు ఊదారంగు అంటుకుంటుంది. 70/700 లో అది చాలా తక్కువ. న్యూటన్ పద్ధతి అద్దం టెలిస్కోపులో ఆ రంగు అసలుండదు, అదే ధరకు వ్యాసం పెద్దది వస్తుంది. కాకపోతే అప్పుడప్పుడు అద్దాలను ఒకే వరుసలోకి సరిచేసుకోవాలి. మక్సుటోవ్ అనే మూడో రకం, ఉదాహరణకు 90/1250, జానెడు పొడవు గొట్టంతో సంచిలో ఇట్టే పడుతుంది, నగరం నుంచి చంద్రుడికీ గ్రహాలకూ బాగుంటుంది. 25 మి.మీ. ఐపీస్‌తోనే 50 రెట్లు వచ్చేస్తుంది కాబట్టి కృత్తికల వంటి విశాలమైన గుంపులు అందులో పట్టవు. మౌంట్ విడిగా కొనాలంటే ఖర్చు రెట్టింపవుతుంది.

తప్పించుకోవలసిన ఉచ్చులు మూడు. అద్దం టెలిస్కోపు మీద నాభ్యంతరం 1000 అని ఉండి గొట్టం అర మీటరే ఉంటే, ఫోకసర్‌లో, అంటే ఫోకస్ సరిచేసే భాగంలో, ఒక అదనపు కటకం దాచి లెక్క పెంచారని అర్థం. చౌక సరుకులో అది బొమ్మను పాడుచేస్తుంది, అద్దాలు సరిచేయడం కూడా నరకమే. రెండోది, 76/300 వంటి పొట్టి గొట్టాల్లో అద్దం గోళాకారంగా ఉంటే ఎక్కువ రెట్లలో గ్రహం ఎప్పటికీ తేటపడదు. వివరాల్లో పారాబోలిక్ (పరావలయాకారం) అని ఉందేమో చూడండి. మూడోది, ఐపీస్ దూరే రంధ్రం. 31.7 మి.మీ., అంటే ఒకటింపావు అంగుళం ఉండాలి. 24.5 మి.మీ. అయితే రేపు మంచి ఐపీస్ కొన్నా అందులో పట్టదు.

నాలుగో మెట్టు: మీ డబ్బుకు ఏది

దిగుమతి సుంకాన్ని, డాలరు రేటును బట్టి ధరలు మారుతుంటాయి కనుక ఇవి సుమారు లెక్కలే.

పది వేల లోపు అయితే టెలిస్కోపు వద్దు, 10×50 లేదా 7×50 బైనాక్యులర్స్ (మొదటి అంకె రెట్లు, రెండోది కటకం వ్యాసం మి.మీ.లలో) కొనండి. ఇది సరిపెట్టుకోమని చెప్పే మాట కాదు. మోచేతులు పిట్టగోడకు ఆనించి చూస్తే గురుడి నాలుగు చంద్రులు, చంద్రుడి మీది పెద్ద గుంటలు, ఓరియన్ నిహారిక, చీకటి ఊళ్లో ఆండ్రోమెడా గెలాక్సీ మచ్చ కనిపిస్తాయి. కృత్తికలైతే ఏ టెలిస్కోపులో కంటే కూడా ఇందులోనే అందంగా ఉంటాయి. ఎదిగే పిల్లలకు, చేతులు వణికేవాళ్లకు 7×50 నయం. రేపు టెలిస్కోపు కొన్నా ఇవి పక్కన ఉండాల్సిందే.

పది నుంచి ఇరవై వేల మధ్య 70 లేదా 80 మి.మీ. కటకం టెలిస్కోపు, సన్నగా తిప్పే మరలున్న ఆల్ట్-అజిమత్ మౌంట్ మీద. ఈ ధరలో ఈక్వటోరియల్ మౌంట్‌తో అద్దం టెలిస్కోపు ఎవరైనా చూపిస్తే మౌంట్‌ను వేలితో తట్టి చూడండి, మిగతాది అదే చెబుతుంది.

ఇరవై నుంచి ముప్ఫై అయిదు వేల మధ్య 114 లేదా 130 మి.మీ. టేబుల్‌టాప్ డాబ్సోనియన్. ఇక్కడి నుంచే అసలు ఆకాశం తెరుచుకుంటుంది. స్కైవాచర్ హెరిటేజ్ 130పి ఈ వర్గంలో చాలా ఏళ్లుగా పేరున్న మోడల్. 130/650, పారాబోలిక్ అద్దం, మొత్తం బరువు ఆరు కిలోలకు కాస్త అటూ ఇటూ, గొట్టం పై భాగం లోపలికి ముడుచుకుని పొట్టిగా అవుతుంది. గురుడి మీది రెండు ముదురు పట్టీలు, శని వలయాలు, శని చంద్రుడు టైటాన్, పొడి చల్లినట్టున్న గోళాకార నక్షత్ర గుచ్ఛాలు దీనికి అందుతాయి. ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన తక్కువ ఎత్తులో కనిపించే ఒమేగా సెంటారీ గుచ్ఛం ఉత్తర ఐరోపా వాళ్లకు దక్కనిది, మనకు దక్కేది. ఈ గొట్టానికి రెండు చిన్న లోపాలున్నాయి, రెండింటికీ మందు వీధి చివరి దుకాణంలోనే ఉంది. మధ్యభాగం తెరిచి ఉండటంతో పక్కింటి దీపం వెలుగు లోపలికి పడుతుంది. నల్ల చార్టు కాగితం చుట్టి పిన్ను పెడితే సరి. ఫోకసర్ మర వదులుగా కదులుతుంది. కుళాయి బిగించే తెల్ల టెఫ్లాన్ టేపు రెండు మూడు చుట్లు చుడితే బిగుసుకుంటుంది.

ఆ పైన 150 మి.మీ. టేబుల్‌టాప్, ఫోను కెమెరాతో ఆకాశాన్ని పోల్చుకుని దారి చూపే మోడళ్లు వస్తాయి. సీస్టార్ ఎస్50 వంటి స్మార్ట్ టెలిస్కోపులు రెండున్నర కిలోలే కానీ వాటికి కన్ను పెట్టే ఐపీస్ లేదు, బొమ్మ ఫోనులో కనిపిస్తుంది. బడ్జెట్ కూడా దాటుతుంది.

ఏది కొన్నా ఒక్కటి ముందే తెలుసుకోండి: ఫోటోల్లోని ఎరుపు, నీలి రంగులు కంటికి కనిపించవు. ఓరియన్ నిహారిక బూడిదరంగు పొగలా ఉంటుంది. శని చాలా చిన్నగా, చాలా స్పష్టంగా ఉంటాడు. 2025లో వలయాలు మన వైపు అంచుగా తిరగడంతో సన్నటి గీతలా మిగిలాయి. అప్పటి నుంచి ఏటేటా మళ్లీ విచ్చుకుంటున్నాయి.

పాతది కొనేటప్పుడు ఫోను టార్చి వేసి అద్దం చూడండి. దుమ్ము కణాలు, ఒకటి రెండు గీతలు ఉంటే నష్టం లేదు. సాలెగూడులా తెల్లగా పాకిన బూజు ఉంటే వద్దు.

ఐదో మెట్టు: ఐపీసులు, ఫైండర్, ఒక హెచ్చరిక

డబ్బాలో వచ్చే 25, 10 మి.మీ. ఐపీసులతో రెండు మూడు నెలలు గడపండి. ఆ తరువాత గ్రహాల కోసం 6 మి.మీ. ఐపీస్ ఒకటి చాలు. 650 మి.మీ. గొట్టంలో అది 108 రెట్లిస్తుంది. హెచ్, ఎస్‌ఆర్ అని గుర్తులున్న ఐపీసులు పాతకాలపు నాసిరకం. 700 మి.మీ. గొట్టంలో నాలుగు మి.మీ. ఐపీస్‌కు మూడు రెట్ల ప్లాస్టిక్ బార్లో (రెట్లు పెంచే అదనపు కటకం) తోడైతే అదే ఆ 525 అంకెకు పుట్టినిల్లు. వాటిని డబ్బాలోనే ఉంచండి. గురి చూసుకోవడానికి గొట్టం మీద ఉండే ఫైండర్‌గా ఎర్ర చుక్క రకం కొత్తవాళ్లకు సులువు, చూడటం అయ్యాక దాని స్విచ్ ఆపడం మరిచిపోతే బటన్ బ్యాటరీ వారంలో చస్తుంది.

సూర్యుడి వైపు టెలిస్కోపు తిప్పకండి. ఒక్క క్షణం చాలు, చూపు శాశ్వతంగా పోవడానికి. కొన్ని డబ్బాల్లో ఐపీస్‌కు బిగించే చిన్న నల్ల సన్ ఫిల్టర్ వస్తుంది. పోగైన వేడికి అది పగులుతుంది. దాన్ని పగలగొట్టి పారేయండి, పిల్లల చేతికి కూడా దొరకకూడదు. సూర్యుణ్ని చూసే ఫిల్టర్ గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పేదే అయి ఉండాలి.

ఆరో మెట్టు: డబ్బా విప్పాక

వాపసు గడువు ముగిసేలోపు ఇవన్నీ చేయండి. సాయంత్రం వెలుతురు ఉండగానే, సూర్యుడికి ఎదురు దిక్కున, కనీసం అర కిలోమీటరు దూరంలోని తాటిచెట్టు తలనో టవర్ కొసనో ఐపీస్ మధ్యకు తెచ్చి, ఫైండర్ చుక్కను దాని మీదికి సరిచేయండి. ఈ పని చీకట్లో చేయబోయి విసిగిపోయినవాళ్లే "ఏమీ కనిపించడం లేదు" అంటారు. తలకిందులుగా కనిపిస్తే కంగారు పడకండి, అద్దం టెలిస్కోపుల తీరే అంత.

మొదటి రాత్రికి గోడ మీది క్యాలెండర్ చూసి శుక్ల సప్తమి, అష్టమి ఎంచుకోండి. వెలుగు నీడల సరిహద్దు దగ్గర గుంటలు, కొండల నీడలు లోతుగా పడతాయి. పౌర్ణమి నాడు నీడలుండవు, చంద్రుడు చదునుగా తోస్తాడు. ఎప్పుడూ తక్కువ రెట్ల ఐపీస్‌తో మొదలుపెట్టి, వస్తువు మధ్యకు వచ్చాకే రెండోది మార్చండి.

తరువాత ఒక ప్రకాశమైన నక్షత్రాన్ని మధ్యలో పెట్టి ఫోకస్ కొద్దిగా చెడగొట్టండి. ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రటి వలయాలు కనిపిస్తే అద్దాలు సరిగ్గా ఉన్నట్టు. వలయాలు ఒక పక్కకు ఒరిగితే అద్దం వెనక మరలతో సరిచేయాలి, అందుకే కొనేముందే ఆ మరలు ఉన్నాయో లేదో అడగాలి. సరిచేశాక కూడా నక్షత్రం చుక్కగా కుదురుకోకుండా ఎప్పుడూ తోకతోనో త్రికోణంగానో ఉంటే వాపసు ఇచ్చేయండి.

విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో ఏసీ గదిలోంచి తీసి బయట పెట్టగానే కటకం మీద మంచు పట్టినట్టు ఆవిరి కమ్ముతుంది. తుడవకండి. మూత పెట్టే ఉంచి అరగంట బయట వదిలితే గొట్టం గాలి వేడికి అలవాటుపడుతుంది. అద్దాన్ని కండువాతోనో చేతి రుమాలుతోనో ఎప్పుడూ తుడవకూడదు, గాలి ఊదే రబ్బరు బుడగ చాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులతో పని పెద్దగా జరగదు. ఆ నెలల్లో ఐపీసులను సిలికాజెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో ఉంచి, గొట్టాన్ని ఎండ పడని పొడి గదిలో పెట్టండి. రెండు మూడు వారాలకోసారి మూత తీసి టార్చితో బూజు చూసుకోండి.